మధ్యాహ్నం మాత్రమే పలికిన రేడియో

2011 ఏప్రిల్‌లో నన్ను జనగామ నుంచి రేగొండకు డిప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి నేను ఒక ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ సీనియర్ లెక్చరర్‌ని, ఇరవై ఆరేళ్ల సర్వీసు. రేగొండలో మా శాఖ ఒక చిన్న విస్తరణ కేంద్రం నడిపేది. మూడు గదులు, ఒక రేకుల షెడ్డు. చుట్టుపక్కల మండలాల వాళ్లకు మోటారు వైండింగ్, సెల్‌ఫోన్ రిపేరు, ఇంటి వైరింగ్ నేర్పడం దాని పని. దానికి నన్ను ఇన్‌చార్జి అధికారిగా వేశారు. ఇప్పుడు జనగామ, మహబూబాబాద్, రేగొండ ఉన్న భూపాలపల్లి మూడు వేర్వేరు జిల్లాలు. అప్పట్లో అన్నీ వరంగల్ జిల్లాయే. అందుకని జనగామలో ఇల్లున్న మనిషిని రేగొండలో పనిచేయమనడం మా పైఅధికారులకు పెద్ద విషయంగా కనిపించలేదు. సోమవారం పొద్దున బస్సెక్కితే శనివారం సాయంత్రం ఇల్లు చేరేవాణ్ని.

ఈ మధ్య ఇంట్లో సరదాగా మైక్రోకంట్రోలర్లతో పనిచేసేవాళ్లు ఎక్కువయ్యారు. మైక్రోకంట్రోలర్ అంటే ఒక్క చిప్పులో ఇమిడిన చిన్న కంప్యూటర్. మొక్కలకు నీళ్లు పెట్టడానికీ, గేటు తెరవడానికీ, ట్యాంకు నిండితే గంట మోగడానికీ దాన్ని వాడతారు. దానికి తీగ లేకుండా దూరంతో మాట్లాడే శక్తినిచ్చే పలక వైర్‌లెస్ మాడ్యూల్. ఏ మాడ్యూల్ కొనాలని నన్ను అడుగుతుంటారు. ధరల పట్టికలు, పోలికలు ఇంటర్నెట్‌లో కావలసినన్ని ఉన్నాయి. నేను మాత్రం రేగొండలో నేను ఎంచుకున్న మాడ్యూల్ గురించి చెబుతాను. తప్పు ఎంపిక కాబట్టి అది చెప్పడమే ఎక్కువ ఉపయోగం.

కేంద్రంలో నా కింద ఉన్నది ఒకే ఒక్క ఇన్‌స్ట్రక్టర్, ఖాజా. మహబూబాబాద్ మనిషి. అక్కడ ఇరవై ఏళ్లు రేడియోలు, టీవీలు బాగుచేసి, ఆ పని తగ్గిపోయాక కాంట్రాక్టు మీద మా శాఖలో చేరాడు. స్టోరు తాళం, స్టాక్ రిజిస్టరు అతని చేతిలో ఉండేవి. వయసులో నాకంటే రెండేళ్లు పెద్ద. అయినా అతను నన్ను సార్ అనేవాడు, నేను అతన్ని ఖాజా అనేవాణ్ని. శాఖలో వరుసలు హోదాను బట్టి నడుస్తాయి, వయసును బట్టి కాదు.

మే నెల వైండింగ్ తరగతికి పద్నాలుగు మంది వచ్చారు. అందులో ఒక్కతే ఆడమనిషి, మంగ్లి. మొగుళ్లపల్లి వైపు ఉన్న ఒక తండా నుంచి వచ్చేది. ముప్పై అయిదేళ్లుంటాయి. భర్త పుణె దగ్గర కట్టడం పనులకు వెళ్లి ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు. రెండెకరాల చేను, ఒక బోరు, పక్షవాతంతో మంచం పట్టిన అత్త. ఈ మూడూ ఆమె ఒక్కదాని మీదే ఉన్నాయి. మోటారు కాలిన ప్రతిసారీ పట్నం తీసుకుపోవడం కంటే తానే చుట్టుకోవడం నేర్చుకుంటే మేలని వచ్చింది. చేతివేళ్లకు మంచి పని తెలుసు. తీగ చుట్లు లెక్క తప్పకుండా వేసేది.

తరగతి ముగిసే ముందు రోజు ఆమె నా టేబుల్ దగ్గర నిలబడి, టీవీకి రిమోట్ ఉన్నట్టు మోటారుకు రిమోట్ పెట్టలేమా అని అడిగింది. ఆటో స్టార్టర్ పెట్టుకోరాదా అన్నాను. కరెంటు రాగానే దానంతటదే మోటారును నడిపించే పరికరం అది, అప్పట్లో ఊరూరా ఉండేది. ఆమె తల అడ్డంగా ఊపింది.

"మా తండల ఆటో స్టార్టర్లు పెట్టద్దని కట్టడి జేసిన్రు సార్. కరెంటు రాంగనే అన్ని మోటార్లు ఒక్కపాలి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. నెల దినాలు కరెంటు లేకుండ కూసున్నం. ఇప్పుడు వంతులు. ముందుగాల ముగ్గురు ఏస్తరు, అవి అందుకున్నంక ఇంకో ముగ్గురు. వంతు తప్పితే ఆ పూటకు మోటరు ఎయ్యద్దు."

ఇక్కడ చిక్కేమిటంటే, వంతు అందుకోవాలంటే మనిషి స్టార్టర్ డబ్బా దగ్గర నిలబడి ఉండాలి. వ్యవసాయ కరెంటు ఎప్పుడు వస్తుందో చెప్పే దిక్కు లేదు. ఆమె ఇంటికీ బోరుకూ మధ్య తిన్నగా చూస్తే అయిదారు వందల మీటర్లే. కానీ నడుమ వాగు ఉండటంతో దారి చుట్టు తిరిగి ఇరవై నిమిషాలు పడుతుంది. మంచంలో ఉన్న అత్తను అటూ ఇటూ తిప్పాలి, నీళ్లు తాగించాలి. ఒకసారి మంగ్లి బోరు దగ్గర కరెంటు కోసం కూర్చున్నప్పుడు ఆ ముసలామె మంచం మీద నుంచి పడి, కోడలు తిరిగొచ్చేదాకా నేల మీదే ఉందట. ఈ సంగతి మంగ్లి ఏడవకుండా, లెక్క చెప్పినట్టు చెప్పింది. ఇల్లు వదలకుండా మోటారు వేసే ఉపాయం ఆమెకు కావాలి. మా కేంద్రం ఉన్నదే ఇట్లాంటి పనులకు అనుకున్నాను.

పథకం తేలికే. బోరు దగ్గర ఒక డబ్బా, ఇంట్లో ఒక డబ్బా. కరెంటు రాగానే బోరు డబ్బా మేల్కొని ఇంటికి కబురు పంపుతుంది, ఇంట్లో పచ్చ దీపం వెలుగుతుంది. ముందువాళ్ల మోటార్లు వేగం అందుకునేంత సేపు ఆగి, తన వంతు రాగానే మంగ్లి బొత్తాం నొక్కుతుంది. బోరు డబ్బాలోని రిలే, అంటే కరెంటుతో కదిలే చిన్న స్విచ్చి, స్టార్టర్‌ను కదిలిస్తుంది. మోటారు నిజంగా తిరిగితేనే ఇంట్లో ఎర్ర దీపం వెలుగుతుంది. మోటారుకు పోయే మూడు ఫేజుల కరెంటును మన చిన్న రిలే ముట్టుకోకూడదు, స్టార్టర్ కాయిల్‌ను మాత్రమే ముట్టుకోవాలి. ఈ నియమం తప్పితే ప్రాణాలు పోతాయి. అందులో నేను పొరపాటు చేయలేదు.

మాడ్యూళ్ల దగ్గరికి వద్దాం. ఇండెంట్ పెట్టి మూడు రకాలు తెప్పించాను.

అన్నిటికంటే చవకైనది కార్ల తాళంచెవి రిమోట్లలో ఉండే జాతి. ఒక పలక పంపుతుంది, ఇంకొక పలక అందుకుంటుంది. తిరుగు జవాబు ఉండదు. మోటారు తిరిగిందో లేదో తెలియని రిమోట్ మంగ్లికి దండగ. పైగా ఆ ఫ్రీక్వెన్సీని ఆరుబయట వాడటానికి అనుమతి ఉందో లేదో నాకు స్పష్టంగా తెలియలేదు. ప్రభుత్వ ఉద్యోగిని, అనుమానం ఉన్న బ్యాండ్‌లో రేడియో పెట్టలేను. దాన్ని పక్కన పెట్టాను.

రెండోది 2.4 గిగాహెర్ట్జ్ మాడ్యూల్. వై-ఫై, బ్లూటూత్ నడిచే బ్యాండే ఇది. లైసెన్సు అక్కర్లేదు, రెండు వైపులా మాట్లాడుతుంది, ప్రోగ్రాము రాయడం సులువు, ఎక్కడంటే అక్కడ దొరుకుతుంది. బొటనవేలంత పలకకు చిన్న నల్ల కడ్డీ యాంటెన్నా ఉంటుంది. దానితో వచ్చిన కాగితంలో అడ్డు లేకుంటే కిలోమీటరు పోతుందని రాసి ఉంది.

మూడోది 865 మెగాహెర్ట్జ్ మాడ్యూల్. ఇది కూడా మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోదగ్గ బ్యాండే. ధర ఎక్కువ, వేగం తక్కువ, దానికి ప్రోగ్రాము రాయడం నిజంగా తలనొప్పి. ఒకే ఒక్క జత తెప్పించాను. తరంగం పొడవు ఎక్కువ కాబట్టి ఆకులనూ కొమ్మలనూ కాస్త తేలిగ్గా దాటుతుంది. ఇది నాకు తెలియని విషయమేమీ కాదు, ఏటేటా బోర్డు మీద రాసి చెప్పిన పాఠమే.

ఖాజా మూడింటినీ చేతిలోకి తీసుకుని చూసి మూడోదాన్ని నా ముందు పెట్టాడు.

"పాత దినాలల్ల టీవీ యాంటెన్నాలు కట్టేటోన్ని సార్. ఎండకాలం బొమ్మ సాఫ్‌గ వస్తుండె. వానలు పడి చెట్లు చిగురేసినయంటే బొమ్మ పరేషాన్ జేస్తుండె. చెట్టు పత్తా నీళ్లు తాగుతది, నీళ్లు సిగ్నల్ తాగుతయ్. జర గిదే పెడ్తే మంచిది."

మనం పంపేది బొమ్మ కాదనీ, మోటారు వెయ్, ఆపు అనే రెండు మాటలేననీ, అంత కొంచెం కబురుకు రెండోదే ఎక్కువనీ చెప్పాను. కాగితంలోని అంకెలు కూడా చదివి వినిపించాను. "మీ ఇష్టం సార్" అని అతను మాడ్యూళ్లను స్టోరులో పెట్టేశాడు. కాంట్రాక్టు ఇన్‌స్ట్రక్టరు గజిటెడ్ అధికారికి అంతకంటే ఎక్కువ చెప్పడు.

మే నెలాఖరులో పరీక్ష చేశాం. కేంద్రం వెనక కోతలైన చేలు ఉండేవి. నేలంతా మొండి మోడులు, మట్టిపెళ్లలు. ఖాజా ఒక డబ్బా పట్టుకుని నడుస్తుంటే నేను ప్రతి వంద అడుగులకూ బొత్తాం నొక్కి అందిన కబుర్లు రాసుకున్నాను. తొమ్మిది వందల అడుగులు, వెయ్యి, రెండు వేలు దాటినా ఒక్కటీ తప్పలేదు. గ్రాఫు గీశాను. తర్వాత తండాలో మంగ్లి ఇంటి దగ్గర, బోరు దగ్గర డబ్బాలు బిగించి చూశాం. బొత్తాం నొక్కగానే ఎర్ర దీపం వెలిగింది. వాగు అవతల నుంచి ఎవరో నీళ్లొస్తున్నాయని కేకేశారు. మంగ్లి అత్త మంచంలో నుంచే దీపం చూసి తమ భాషలో ఏదో అని నవ్వింది. డబ్బాలో ఎవరైనా కూర్చున్నారా అని అడుగుతోందని మంగ్లి చెప్పింది. ఆ రోజు నాకు చాలా గర్వంగా అనిపించింది. అబద్ధమెందుకు, నా ఫోటో పేపర్లో వస్తే బాగుండునని కూడా అనిపించింది.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. మంగ్లి జూలైలో మక్క, అంటే మొక్కజొన్న, వేసింది. ఆగస్టు మధ్య దాకా ఆకాశం కనికరించింది కాబట్టి మోటారు అవసరం పెద్దగా రాలేదు. ఆ తర్వాత వాన మొహం చాటేసింది. చేను నిలువెత్తు దాటి పూతకొచ్చింది. మక్కకు పూత నుంచి కంకి పాలు పోసుకునే దాకా నీరు తప్పితే పంట పోయినట్టే. సరిగ్గా అప్పుడే ఆమె నుంచి మొదటి ఫోను వచ్చింది. దీపం వెలగడం లేదని, కరెంటు వచ్చినా డబ్బా చెప్పడం లేదని.

బస్సు పట్టుకుని వెళ్లాను. రేగొండ నుంచి బస్సు, అక్కడి నుంచి ఆటో, ఆ తర్వాత నడక, తండా చేరేసరికి పన్నెండు దాటేది. బొత్తాం నొక్కితే ఎర్ర దీపం వెలిగింది. బ్యాటరీ మార్చి వచ్చాను. నాలుగు రోజులకు మళ్లీ ఫోను. మళ్లీ పన్నెండు దాటాక చేరుకున్నాను, మళ్లీ వెలిగింది. ఈసారి టంకాలన్నీ కొత్తగా వేశాను. మూడోసారి ప్రోగ్రామే మొత్తం మార్చాను. మూడోసారి కూడా నా కళ్ల ముందు అది శుభ్రంగా పనిచేసింది.

నాకు కోపం వచ్చింది. బొత్తాం గట్టిగా నొక్కడం లేదన్నాను. దీపం వైపు చూడకుండా ఇంటి పనుల్లో పడిపోయి ఉంటావన్నాను. "నేనొచ్చినప్పుడల్లా మంచిగనే పనిజేస్తుంది గదమ్మా. పరికరానికి మనిషిని జూసి పనిచేసే బుద్ధి ఉండదు" అన్నాను. చుట్టూ నలుగురు తండా వాళ్లున్నారు. ఎవరో నవ్వారు. మంగ్లి మొహం ఎర్రబడింది.

"పొద్దుగాల రాండ్రి సార్, ఒక్కనాడు" అంది. "పొద్దుగాల పని చెయ్యది."

పొద్దున వెళ్లాలంటే ముందురోజే తండా చేరి ఉండాలి, లేదా చీకటితో బయల్దేరాలి. అంత అవసరం లేదనుకున్నాను. పైగా పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా పనిచేసే సర్క్యూట్ ఉంటుందంటే నేను నమ్మలేదు. డబ్బా ఇచ్చింది మొదలు ఆమె బోరు దగ్గరికి పోవడం మానేసింది. పచ్చ దీపం వెలగకపోతే కరెంటు రాలేదనే అనుకునేది. అట్లా ఎన్నో పొద్దులు ఆమె వంతు వచ్చి పోయింది. నేనిచ్చిన డబ్బా లేకపోతే కనీసం కొన్ని పూటలైనా ఆమె వెళ్లి మోటారు వేసుకునేది. ఈ సంగతి అప్పుడు నా తలకెక్కలేదు.

సెప్టెంబర్ రెండో వారంలో ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. ఉద్యోగులు, టీచర్లు, బొగ్గుగని కార్మికులు, బస్సుల వాళ్లు అంతా పని ఆపేశారు. మా కేంద్రానికి కూడా తాళం పడింది. ఖాజా స్టోరు తాళంచెవి తీసుకుని మహబూబాబాద్ వెళ్లిపోయాడు. కాంట్రాక్టు మనిషి, సమ్మెకు దిగితే ఉద్యోగమే ఊడవచ్చు. అయినా దిగాడు. నేను జనగామలో లెక్చరర్ల శిబిరంలో కూర్చున్నాను. రోజూ ఒకరు మాట్లాడాలి. నా వంతు వచ్చిన రోజు నేనూ మైకు పట్టుకుని, ఇన్నేళ్లుగా మన మాట పైవాళ్లు వినలేదని, మన కష్టం మనం చెబితే నమ్మలేదని అరగంట మాట్లాడాను. బాగా మాట్లాడావని మిత్రులు భుజం తట్టారు.

శిబిరం నుంచి ఇంటికి వచ్చి కూర్చోగానే మంగ్లి ఫోను చేసింది. బొగ్గు లేక కరెంటు కోత పెరిగిందని, ఇప్పుడు రోజుకు ఒక్క పూటే, అదీ పొద్దునపూటే ఇస్తున్నారని చెప్పింది. మీదెకరం ఆకు చుట్టుకుపోతోందట. సమ్మె నడుస్తోంది, బస్సులు లేవు, నేనేం చేయగలనన్నాను.

"సమ్మె మనందరిది సార్. మొన్న సడక్ మీద వంటావార్పుకు నేను గూడ బియ్యం ఇచ్చి వచ్చిన. గని మక్కకు సమ్మె తెల్వదు గద" అంది. "మీ డబ్బ తీస్కపోండ్రి. నేను బోరు కాడనే కూసుంట. అత్తను గూడ మంచంతోని ఆడికే మోసుకపోత" అంది.

మర్నాడు స్కూటర్ మీద బయల్దేరాను. హనుమకొండ దాటాక రెండు చోట్ల రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్నారు. ఒకచోట కూర్చోబెట్టి అన్నం, పప్పు పెట్టి మరీ దారి వదిలారు. సాయంత్రానికి రేగొండ చేరి, పరిచయమున్న ఒక టీచరు ఇంట్లో పడుకున్నాను. తెల్లవారాక ఆరుంపావుకు తండాలో ఉన్నాను.

కరెంటు అప్పటికే వచ్చింది, పక్క బోరు పోస్తోంది. మంగ్లి ఇంట్లో దీపం మాత్రం వెలగలేదు. బొత్తాం నేనే నొక్కాను. ఏమీ లేదు. ఇంటి డబ్బా ఊడదీసి చేతిలో పట్టుకుని, వాగు చుట్టి అవతలి గట్టు చేరి, అక్కడి నుంచి బోరు వైపు తిన్నగా మక్కచేనులోకి దిగాను. పది అడుగులు వేసేసరికి చొక్కా పూర్తిగా తడిసిపోయింది. వాన లేదు. అదంతా మంచు. నా తల కంటే రెండడుగులు ఎత్తున్న చేను, ఒక్కో ఆకు మీద నుంచి నీళ్లు కారుతున్నాయి. బోరుకు అరవై డెబ్బై అడుగుల దగ్గరికి చేరాక గానీ పచ్చ దీపం వెలగలేదు. వెనక్కి ఇంటి దగ్గరికి వచ్చి ఒక వెదురుగడకు డబ్బా కట్టి పూతకు పైకెత్తి చూశాను. దీపం మిణుకుమంది, మళ్లీ పోయింది. వాగు గట్టు మీది పొదలు కూడా అడ్డమే.

అప్పుడు నాకు మొత్తం అర్థమైంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాన్ని నీళ్లు బాగా పీల్చుకుంటాయి. పచ్చి ఆకు అంటే నీళ్లే. పొద్దున ఆ నీళ్ల మీద మంచు కూడా చేరుతుంది. ఎండ ఎక్కి ఆకు ఆరాక, అదీ అంతంతమాత్రంగా, కబురు దాటుతుంది. నేను బస్సులో వచ్చే సమయానికి ఎప్పుడూ ఆకు ఆరిపోయి ఉండేది. పరీక్ష చేసింది మేలో, మోడుల మీద. గట్టు మీద నిలబడ్డ మంగ్లితో, తప్పు నీది కాదు, నాదేనని చెప్పాను. ఆమె తలూపింది. క్షమించినట్టూ కాదు, నిందించినట్టూ కాదు. "ఇప్పుడేం జేద్దాం సార్?" అంది.

865 జత స్టోరులో ఉంది, తాళంచెవి మహబూబాబాద్‌లో ఉంది. ఫోను చేస్తే ఖాజా ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు. బండి మీద మధ్యాహ్నానికి వచ్చాడు. కానీ తాళం తీయడం మా ఇద్దరి చేతుల్లో లేదు. సమ్మె కాలంలో ఏ కార్యాలయమూ తెరవకూడదని మండల ఐక్య కార్యాచరణ కమిటీ తీర్మానం, దాని మీద నా సంతకం కూడా ఉంది. ఇంకో చిక్కు ఉంది. స్టోరులో నుంచి వస్తువు కదలాలంటే స్టాక్ రిజిస్టరులో అధికారి సంతకం ఉండాలి. సమ్మెలో ఉన్నవాడు ఏ రిజిస్టరులో సంతకం పెట్టినా ఆ రోజు డ్యూటీ చేసినట్టే, అంటే సమ్మె విరమించినట్టే. సంతకం పెట్టకుండా తీస్తే ప్రభుత్వ సొత్తు దుర్వినియోగం.

రేగొండ శిబిరానికి వెళ్లి విషయం చెప్పాం. కన్వీనరు ఒక బడి టీచరు, నెమ్మదస్తుడు. ఒక్కరికి తెరిస్తే రేపు అందరూ అడుగుతారని సందేహించాడు. మంగ్లి మాతోనే వచ్చింది. టెంటులో నలభై యాభై మంది మగవాళ్ల ముందు నిలబడి, తన చేను సంగతి, వంతుల సంగతి, అత్త సంగతి చెప్పింది. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఎవరూ అడ్డు మాట్లాడలేదు. "తియ్యండ్రి సార్" అన్నాడు కన్వీనరు. "గని రిజిస్టర్ ముట్టద్దు." శిబిరంలో హాజరు రాసుకునే నోటుబుక్కులో, ఫలానా వస్తువు ఫలానా పనికి తీశారని రాసి, కన్వీనరు, ఖాజా, మంగ్లి సంతకాలు పెట్టారు. నేను పెట్టలేదు. నా సర్వీసులో సంతకం లేకుండా స్టోరు వస్తువు ముట్టింది ఆ ఒక్కసారే.

ప్రోగ్రాము మార్చడానికి ఒకటిన్నర రోజు పట్టింది. ఆ రెండు పొద్దులూ మంగ్లి బోరు దగ్గరే కూర్చుంది. పక్కింటి అక్క ముసలామె దగ్గర ఉంది. ఈసారి యాంటెన్నా విషయంలో ఖాజా చెప్పినట్టే చేశాను. బోరు దగ్గర వెదురుగడ నాటి మక్కపూతకు నాలుగడుగులు పైన, ఇంటి దగ్గర కప్పు మీద కట్టాం. తీగలో సిగ్నల్ వృథా కాకుండా రేడియో పలకనే గడ పైన చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, కింద స్టార్టర్‌కు మామూలు వైర్లు దించాం. మూడో రోజు పొద్దున, ఆకుల మీద మంచు కారుతుండగా, పచ్చ దీపం వెలిగింది. తన వంతు రాగానే మంగ్లి బొత్తాం నొక్కింది. ఎర్ర దీపం వెలిగింది. ఈసారి ఎవరూ కేకలు వేయలేదు. మంగ్లి దీపం వైపు చాలాసేపు చూసి, లోపలికి వెళ్లి అత్తకు గంజి తాగించింది. వరుసగా అయిదు పొద్దులు చూసి గానీ నేను జనగామ వెళ్లలేదు. ఒక్కసారీ తప్పలేదు.

కింది ఎకరం పంట చేతికొచ్చింది. మీదెకరం రాలేదు. కంకులు కట్టాయి గానీ లోపల గింజ పట్టలేదు. ఆ చొప్ప కోసి పశువులకు వేసుకున్నారు.

సమ్మె ముగిశాక స్టాకు తనిఖీలో ఒక జత మాడ్యూళ్లు తక్కువ తేలాయి. నన్ను వివరణ అడిగారు. జరిగింది జరిగినట్టు రాసి, శిబిరం నోటుబుక్కు పేజీ నకలు జత చేశాను. ఒక హెచ్చరిక మెమో ఇచ్చి ఊరుకున్నారు. ఆ ఏడాది చివర కేంద్రం నివేదికలో ఈ పనికి ఎదురుగా విజయవంతం, విఫలం అని రెండు గడులు ఉన్నాయి. విజయవంతం అని టిక్ పెట్టమని పైనుంచి సలహా వచ్చింది, చివరికి పనిచేసింది కదా అని. నేను రెంటిలోనూ పెట్టలేదు. మొదటి మాడ్యూల్ ఎంపికలో పొరపాటు జరిగిందని, దాన్ని గుర్తించడంలో ఆలస్యం వల్ల ఒక రైతు ఒక ఎకరం పంట పోగొట్టుకున్నదని, ఆ ఎంపిక, ఆ ఆలస్యం రెండూ ఇన్‌చార్జి అధికారివని కింద రాశాను.

మాడ్యూల్ ఎంచుకునేవాళ్లకు ఈ అనుభవం నుంచి చెప్పగలిగింది ఇదీ. కాగితం మీది దూరం రెండు డబ్బాల గుణం మాత్రమే, నడుమ ఉన్నదాని గుణం కాదు. నడుమ ఉన్నది నెలను బట్టి, పూటను బట్టి మారుతుంది. వాడే కాలంలో, వాడే వేళకు, వాడే చోట పరీక్షించాలి. చేలు, చెట్లు ఉన్నచోట తక్కువ ఫ్రీక్వెన్సీ తీసుకోండి, వేగం పోతే పోనివ్వండి. యాంటెన్నా ఆకు కంటే పైన ఉండాలి. రోజూ వాడే మనిషి ఒక వేళకు పనిచేయడం లేదంటే, అన్నిటికంటే ముందు ఆ వేళకు వెళ్లి చూడాలి.

పైవన్నీ నాకు పుస్తకాల్లో ముందే తెలుసు. చివరిది తెలియదు. మన మాట ఎవరూ నమ్మడం లేదని జనగామ శిబిరంలో నేను మైకు పట్టుకున్న నాటికి, మంగ్లి నాతో ఒక్కనాడు పొద్దున రమ్మని చెప్పి మూడు వారాలు దాటింది.